పక్క బెంచీ పంతుళ్లు

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో కొన్ని గదుల ముందు చెప్పుల గుట్టలు పెరుగుతాయి. లోపల ఎం1 గణితం బాగా ఒంటబట్టినవాళ్లో, సి ప్రోగ్రామింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్లో ఒకరుంటారు. యూనిట్‌కు రెండు లెక్కల చొప్పున అర్ధరాత్రి దాటేదాకా చెప్పుకుపోతుంటే చుట్టూ పదిమంది కూర్చుని రాసుకుంటారు. దీన్ని అందరూ కంబైన్డ్ స్టడీ అంటారు. టైంటేబుల్లో దీనికి గంట ఉండదు. చెప్పినవాళ్లకు మార్కూ రాదు, రూపాయీ రాదు. అయినా ఏటా ఎంతోమంది సప్లీ గండం గట్టెక్కేది ఆ గదుల్లోనే.

అదే కాలేజీలో సాయంత్రం నాలుగు తర్వాత ఇంకో తరగతి జరుగుతుంది, లేదా జరిగినట్టు రిజిస్టరులో ఉంటుంది. దాని పేరు రెమెడియల్ క్లాసు. మిడ్ పరీక్షల్లో మార్కులు తగ్గినవాళ్ల పేర్లు 'స్లో లెర్నర్స్' జాబితాగా నోటీసు బోర్డుకెక్కుతాయి. పొద్దుట చెప్పిన పాఠాన్నే అదే లెక్చరర్ అదే పద్ధతిలో మళ్లీ చెబుతారు. పేరు చదివించుకున్న అవమానం ఒకవైపు, బస్సు వెళ్లిపోతుందన్న బెంగ మరోవైపు. హాజరు పలచబడుతుంది. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం పెట్టిన ఫైలు మాత్రం నిండుగా కనిపిస్తుంది.

డబ్బూ గుర్తింపూ లేని ఏర్పాటుకు జనం ఎగబడుతున్నారు, డబ్బూ ఉత్తర్వులూ ఉన్న ఏర్పాటుకు ముఖం చాటేస్తున్నారు. ఎందుకని? తోటి విద్యార్థి చెప్పే చదువు నిజంగా పనిచేస్తుందా, లేక పరీక్ష ముందు రాత్రి ధైర్యం చెప్పే తాయెత్తు మాత్రమేనా? ఈ ప్రశ్నలపై 50 ఏళ్లుగా పలు దేశాల్లో పరిశోధన జరుగుతోంది. కథ మొదలైంది మాత్రం మన పొరుగునే.

ఎగ్మూరు నుంచి లండన్‌కు

1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒక వీధిబడి మీదుగా పోతూ అక్కడ పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన బడిలోనూ అలా చేయమంటే కింది ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. దాంతో ఎనిమిదేళ్ల కుర్రాడికి చిన్నపిల్లల తరగతి అప్పగించాడు. అది కుదిరింది. క్రమంగా బడి మొత్తం పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతికి మారింది. బెల్ ఇంగ్లండు తిరిగి వెళ్లి 1797లో ఈ అనుభవాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. అక్కడ దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. ఇంచుమించు అదే కాలంలో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇలాంటి బడే పెట్టాడు. ఇద్దరి అనుచరుల పోటీతో ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆదేశంపై జరిగిన విద్యా సర్వేలో భాగంగా 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ ఒక నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. తెలుగు, కన్నడ వీధిబడుల్లో చదువు ముదిరిన పిల్లలు వెనకబడ్డవారికి నేర్పే తీరును ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఆ బడుల్లోని ఇతర లోపాలను అదే నివేదికలో విమర్శించాడు కూడా.

అంత పేరు తెచ్చుకున్న మద్రాసు పద్ధతి 19వ శతాబ్దం నడిమికే ఇంగ్లండులో వెలవెలబోయింది. ఒక్క ఉపాధ్యాయుడితో వందలమంది పిల్లలను నడిపించి ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని వాడుకున్నారు. పాఠం చెప్పే పెద్దపిల్లలకు, అంటే మానిటర్లకు, శిక్షణ అంతంతమాత్రం. చిలకపలుకుల వల్లెవేతే చదువైపోయింది. తోటివారితో చెప్పించడాన్ని ఉపాధ్యాయుడికి బదులుగా పెడితే ఏమవుతుందో తెలియడానికి ఈ అనుభవం చాలు. అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నింపని ప్రభుత్వాలు దీన్ని ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాలి.

విద్యార్థికి కాదు, సబ్జెక్టుకు ముద్ర

కాలేజీ స్థాయిలో ఈ ఆలోచనకు కొత్త రూపం ఇచ్చినది అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం, కాన్సాస్ సిటీ. 1973లో అక్కడ వైద్య, దంతవైద్య కోర్సుల్లో మైనారిటీ వర్గాల విద్యార్థులు మధ్యలో చదువు మానేస్తుంటే ఆపే మార్గం వెతికే పని డియానా మార్టిన్ చేతికి వచ్చింది. ఆమె రూపొందించిన పద్ధతి సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్, పొట్టిగా ఎస్‌ఐ. ఆమె చేసిన మార్పు చూడటానికి చిన్నది. బలహీనమైన విద్యార్థులెవరని వెతకడం మానేసి, బలవంతులను కూడా పడగొట్టే సబ్జెక్టులేవని వెతికారు. డి, ఎఫ్ గ్రేడ్లు తెచ్చుకున్నవారూ మధ్యలో వదిలేసినవారూ కలిపి 30 శాతం దాటితే అది ప్రమాదకరమైన కోర్సు. సాయం ఆ కోర్సు తీసుకున్న ప్రతి ఒక్కరికీ. టాపర్ రావచ్చు, ఫెయిలయ్యేవాడూ రావచ్చు. రావడం, మానడం వాళ్లిష్టం. వచ్చినంత మాత్రాన ఎవరికీ ఏ ముద్రా పడదు.

నడిపే పద్ధతిలోనూ తేడా ఉంది. ఆ సబ్జెక్టును బాగా పాసైన సీనియర్‌ను లీడర్‌గా తీసుకుంటారు. ఆ లీడర్ జూనియర్లతో పాటు మళ్లీ అదే క్లాసులో కూర్చుని నోట్సు రాసుకోవాలి. ఆపైన వారానికి కొన్ని గంటలు సెషన్లు నడపాలి. పాఠం మళ్లీ చెప్పకూడదన్నది మొదటి నియమం. ఎవరైనా సందేహం అడిగితే జవాబు చెప్పకుండా దాన్ని మిగతావాళ్ల ముందు పెట్టాలి. చాక్‌పీసు జూనియర్ల చేతిలోనే ఉండాలి. ఇద్దరి నోట్సులు పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లచేతే పట్టించాలి. లీడర్‌కు మార్కులు వేసే అధికారం ఉండదు కాబట్టి, 'నాకు మొదటి లైనే అర్థం కాలేదు' అని ఒప్పుకోవడానికి ఎవరూ జంకరు.

1981లో అమెరికా విద్యాశాఖ దీన్ని ఆదర్శప్రాయమైన కార్యక్రమంగా గుర్తించింది. స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయం 1994లో ఇంజనీరింగ్ కోర్సుల్లో మొదలుపెట్టి, తర్వాత ఐరోపాకు శిక్షణ కేంద్రమైంది. ఆస్ట్రేలియాలో ఇదే పాస్ పేరుతో వ్యాపించింది, అక్కడ వొలాంగాంగ్ విశ్వవిద్యాలయం ముందుంది. వర్ణవివక్ష నుంచి బయటపడిన దక్షిణాఫ్రికాలో, ఇంటి భాష ఒకటి, క్లాసు భాష ఒకటి అయిన మొదటితరం విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయాలు దీన్ని చేపట్టాయి. మన పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఈ చివరి ఉదాహరణే.

ఒంటరి చదువు ఖరీదు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో 1970ల నాటి సంగతి. మొదటి సంవత్సరం కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు పెద్ద సంఖ్యలో తప్పుతుండేవారు. అదే కోర్సులో చైనీయ మూలాలున్న విద్యార్థులు రాణించేవారు. కారణమేమిటని గణిత పరిశోధక విద్యార్థి యూరీ ట్రైస్‌మన్ అధ్యాపకులను అడిగితే పట్టుదల లేదని, పునాది బలహీనమని, ఇంట్లో ప్రోత్సాహం తక్కువని, పేదరికమని చెప్పారు. మన స్టాఫ్‌రూముల్లోనూ వినబడే జవాబులే ఇవి.

ఆయన రెండు వర్గాల నుంచి 20 మంది చొప్పున ఎంచుకుని వాళ్లు ఎక్కడ, ఎలా చదువుతున్నారో వెంట ఉండి చూశాడు. పట్టుదలకు లోటు లేదు, కుటుంబాల ప్రోత్సాహానికీ లోటు లేదు. లోటు ఇంకోచోట ఉంది. నల్లజాతి విద్యార్థుల్లో 20 మందికి 18 మంది ఎప్పుడూ తోటివారితో కలిసి చదవలేదు. గదిలో తలుపేసుకుని కష్టపడేవారు, తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు. రెండో వర్గం ముందు విడివిడిగా చేసుకుని, సాయంత్రం ఒకచోట చేరి ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకునేవారు. అందరికీ ఒక లెక్క రాలేదంటే తప్పు తమది కాదనీ, లెక్కే కఠినమనీ వాళ్లకు తెలిసిపోయేది. ఒంటరిగా కూర్చున్నవాడికి అది తెలిసే దారి లేదు.

ట్రైస్‌మన్ అప్పుడు రెమెడియల్ క్లాసు పెట్టలేదు. మామూలు కంటే కఠినమైన లెక్కలిచ్చి గుంపుగా సాధించమనే వర్క్‌షాపులు పెట్టాడు. వాటిని ప్రతిభావంతుల కార్యక్రమంగానే ప్రకటించాడు. వచ్చిన నల్లజాతి విద్యార్థుల ఫలితాలు రానివారికంటే ఎంతో మెరుగయ్యాయి. 1992లో అచ్చయిన ఆయన వ్యాసం అమెరికా కాలేజీ గణిత బోధనపై గట్టి ముద్ర వేసింది.

చెప్పేవాడికి దక్కేది

తోటివాడి మాట లెక్చరర్ మాటకంటే ఎందుకు తేలిగ్గా ఎక్కుతుంది? ఆ చిక్కుముడిలో తానూ మొన్నటిదాకా ఇరుక్కున్నాడు కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో అతనికి గుర్తుంటుంది. పాతికేళ్లుగా అదే సూత్రం చెబుతున్న అధ్యాపకుడికి అది కష్టమన్న సంగతే మరపున పడిపోతుంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ ఈ పరిశీలన నుంచే 1991లో పీర్ ఇన్‌స్ట్రక్షన్ మొదలుపెట్టాడు. క్లాసు మధ్యలో ఒక ప్రశ్న ఇచ్చి ఎవరికి వారే జవాబు ఎంచుకోమంటాడు. తర్వాత పక్కవారితో వాదించుకోమంటాడు. మళ్లీ జవాబు అడిగితే సరైనవి పెరుగుతాయి.

తెలిసినవాడు తెలియనివాడికి జవాబు అందించేస్తున్నాడేమోనన్న అనుమానం సహజం. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం క్లాసుల్లో దీన్ని పరీక్షించి 2009లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. చర్చ తర్వాత అదే సూత్రంపై కొత్త ప్రశ్న ఇచ్చినా విద్యార్థులు మెరుగ్గా రాశారు. గుంపులో మొదట ఎవరికీ జవాబు తెలియని సందర్భాల్లోనూ మెరుగుదల కనబడింది. అంటే వాదనలోనే అవగాహన పుడుతోందన్నమాట.

మేలు రెండువైపులా ఉంటుంది. పీటర్ కోహెన్, జేమ్స్ కులిక్, చెన్‌లిన్ కులిక్ 1982లో పాఠశాలల్లో జరిగిన 65 ట్యూటరింగ్ అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే చెప్పించుకున్నవారితో పాటు చెప్పినవారి అవగాహన కూడా పెరిగినట్టు తేలింది. ఇక్కడొక మెలిక ఉంది. ట్యూటర్లను దగ్గరగా గమనించిన రాడ్ రాస్కో, మిషెలిన్ చీ 2007లో రాసిన సమీక్షలో, చాలామంది ట్యూటర్లు తమకు తెలిసింది అప్పజెప్పడంతోనే ఆగిపోతారని చూపారు. అలా అప్పజెప్పినప్పుడు ఇద్దరికీ దక్కేది కొంచెమే. 'ఇలాగే ఎందుకు చెయ్యాలి?' అన్న ప్రశ్న ఎదురై, చెప్పేవాడు తన ఆలోచనను తానే సరిచూసుకోవలసి వచ్చినప్పుడు ఇద్దరూ ఎదుగుతారు. కంబైన్డ్ స్టడీ గదుల్లో సాధారణంగా లోపించేది ఈ ప్రశ్నే. పరీక్ష పొద్దునే ఉంటే ఎందుకని అడిగే తీరిక ఎవరికుంటుంది?

అంకెలను ఎంతవరకు నమ్మాలి

ఈ రంగంలో అతిశయోక్తులూ లేకపోలేదు. 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, వ్యక్తిగత ట్యూటరింగ్ పొందిన సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటిపోతాడని, అంటే రెండు ప్రామాణిక విచలనాలు ముందుంటాడని ప్రకటించాడు. నలభై ఏళ్లుగా ఈ మాట సదస్సుల్లో మారుమోగుతూనే ఉంది. 2011లో కర్ట్ వాన్‌లేన్ పాత అధ్యయనాలన్నీ తిరగేస్తే, మనిషి చేసే ట్యూటరింగ్ ప్రభావం బ్లూమ్ చెప్పిన రెండు ప్రామాణిక విచలనాలకు బదులు 0.79 దగ్గర తేలింది. సగటు విద్యార్థి వందలో 78 మందిని దాటడంతో ఇది సమానం. చదువుల రంగంలో ఇదీ పెద్ద ఫలితమే, అద్భుతం మాత్రం కాదు. పైగా ఈ అంకెలు ఎక్కువగా అనుభవమున్న ట్యూటర్లవి, సాటి విద్యార్థులవి కావు.

ఎస్‌ఐ విషయంలో ఫిలిప్ డాసన్ బృందం 2001 నుంచి 2010 వరకు వచ్చిన అధ్యయనాలను వడగట్టి 2014లో సమీక్ష ప్రచురించింది. సెషన్లకు వెళ్లినవారి సగటు మార్కులు ఎక్కువ, తప్పేవారూ మానేసేవారూ తక్కువ. అయితే ఇష్టమైతేనే వచ్చే కార్యక్రమం కాబట్టి, వచ్చినవాళ్లు ముందే పట్టుదల ఉన్నవాళ్లై ఉండొచ్చు కదా? కొందరు పరిశోధకులు పాత మార్కులను లెక్కలోకి తీసుకుని ఈ అనుమానాన్ని తగ్గించారు. చీటీలు తీసి విద్యార్థులను రెండు గుంపులుగా పంచి చేసిన పరీక్షలు మాత్రం ఈ రంగంలో తక్కువే. అసలు అవసరమున్నవాళ్లే రాకపోవడం అన్ని దేశాల్లోనూ వినిపించే ఫిర్యాదు.

ఇక అందరూ భయపడే ప్రమాదం తప్పు పాఠం. సీనియర్ తప్పుగా అర్థం చేసుకున్నది పదిమందికి అంటుకుంటుంది. అందుకే పకడ్బందీగా నడిచే చోట శిక్షణ లేకుండా ఎవరినీ బోర్డు ముందుకు పంపరు. అమెరికాలో కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్ ట్యూటర్ శిక్షణ కార్యక్రమాలకు గుర్తింపు ఇస్తుంది. దాని మొదటి స్థాయికి 10 గంటల శిక్షణ, 25 గంటల బోధన అనుభవం కావాలి. అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఈ ట్యూటరింగ్ సెంటర్లు కొత్త కాదు. ఎఫ్1 వీసాపై ఉన్నవారు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. గ్రేడరుగానో, మ్యాథ్స్ ల్యాబులో ట్యూటరుగానో గంటల లెక్కన డబ్బు తీసుకున్నవాళ్లు మన ఊళ్లలోనే కనబడతారు. ఇక్కడి హాస్టల్లో ఉచితంగా చేసిన పనికి అక్కడ జీతం ఉంటుంది.

మన దేశంలో జరిగింది

భారతీయ ఉన్నత విద్యలో అకడమిక్ సపోర్ట్ అంటే చాలాకాలం రెమెడియల్ కోచింగే. 11, 12వ పంచవర్ష ప్రణాళికల్లో యూజీసీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ విద్యార్థుల కోసం దీనికి నిధులిచ్చింది. న్యాక్ ప్రమాణాల్లో స్లో లెర్నర్లకూ అడ్వాన్స్‌డ్ లెర్నర్లకూ విడివిడిగా ఏం చేస్తున్నారన్న ప్రశ్న చేరింది. కేరళ ప్రభుత్వం డిగ్రీ కాలేజీల్లో వెనకబడ్డవారికి స్కాలర్ సపోర్ట్ ప్రోగ్రామ్, ముందున్నవారికి వాక్ విత్ ఎ స్కాలర్ అని రెండు పథకాలు నడుపుతోంది. ఉద్దేశాలు మంచివే. కానీ బలవంతులనూ బలహీనులనూ రెండు గదుల్లోకి విడదీయడమే వీటన్నిటికీ పునాది. ఇది ట్రైస్‌మన్, మార్టిన్ చూపిన దారికి ఎదురు దిశ.

ఆసరా లేకుండా వడపోత ఒక్కటే ఉంటే ఏమవుతుందో 2015లో రూర్కీ ఐఐటీ చూపింది. మొదటి ఏడాది సీజీపీఏ 5 దాటలేదని 70 మందికి పైగా విద్యార్థులను తొలగించింది. వారిలో అత్యధికులు రిజర్వుడు వర్గాలవారు. ఉత్తరాఖండ్ హైకోర్టు సంస్థ నిర్ణయాన్ని సమర్థించింది. దేశమంతా చర్చ రేగాక షరతులతో వాళ్లను తిరిగి చేర్చుకున్నారు.

ఐఐటీల్లోనే సీనియర్ విద్యార్థుల సాయాన్ని వ్యవస్థగా మార్చిన అనుభవమూ ఉంది. కాన్పూర్‌లో కౌన్సెలింగ్ సర్వీసు కింద అకడమిక్ మెంటార్లు మొదటి ఏడాది కోర్సులకు పరీక్షల ముందు తరగతులు నడుపుతారు. బొంబాయి ఐఐటీలో కొత్తగా చేరినవారికి ఒక మెంటార్ బృందం, ఆపై తరగతులవారికి డిపార్ట్‌మెంట్ స్థాయిలో ఇంకో బృందం ఉంటాయి. హైదరాబాద్ ఐఐటీలో సన్‌షైన్ పేరుతో ఉన్న కౌన్సెలింగ్ విభాగంలోనూ సీనియర్లే మెంటార్లు. ఇవి బాగా నిధులున్న సంస్థలు, చేరేవాళ్లు వడపోతలో నెగ్గినవాళ్లు. అక్కడే ఇంత అవసరమైతే, అఫిలియేటెడ్ కాలేజీల సంగతి చెప్పనక్కర్లేదు.

2020 జాతీయ విద్యావిధానంలో పిల్లలు పిల్లలకు నేర్పే ఆలోచన బడుల అధ్యాయంలో కనిపిస్తుంది. ఉన్నత విద్య వరకు వచ్చేసరికి వెనకబడ్డ నేపథ్యాల విద్యార్థులకు బ్రిడ్జి కోర్సులు, మెంటారింగ్, సహాయ కేంద్రాలు ఉండాలని చెప్పింది. ఎవరు నడపాలి, డబ్బెక్కడిది అన్నవి సంస్థలకే వదిలేసింది.

తెలుగు కాలేజీల్లో

2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం కాలేజీ వయసువారిలో ఉన్నత విద్యలో ఉన్నవారి నిష్పత్తి దేశంలో 28.4 శాతం, తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ విస్తరణకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఇంట్లో అంతకు ముందెవరూ డిగ్రీ గడప తొక్కనివాళ్లు పెద్ద సంఖ్యలో లోపలికి వచ్చారు. ప్రవేశానికి డబ్బిచ్చిన ప్రభుత్వం, లోపలికి వచ్చాక నిలబడటానికి అంత శ్రద్ధ చూపలేదు.

భాష ఇంకో మెట్టు. తెలుగు మాధ్యమం కోసం 1968లో తెలుగు అకాడమీ పెట్టి డిగ్రీ పుస్తకాలు రాయించిన నేల ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చారు. రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు తెచ్చారు. అయితే పుస్తకంలోని ఇంగ్లీషును తెలుగుతో కలిపి నోటితో వివరించేవాళ్లు కావాలి. 'డెరివేటివ్ అంటే వాలు రా, ఏటవాలు ఎంతుందో చెబుతుంది' అని ఇంగ్లీషు పదాన్ని ఉంచుతూనే తెలుగులో విప్పి చెప్పగలిగేది ఏడాది ముందు అదే అగచాట్లు పడ్డ సీనియరే. ఇంగ్లీషులోనే చెప్పాలన్న నిబంధనకు కట్టుబడ్డ లెక్చరర్‌కు ఆ వెసులుబాటు తక్కువ.

మనకు అనుభవం పూర్తిగా లేదనడానికీ లేదు. పదో తరగతి తర్వాత గ్రామీణ విద్యార్థులను చేర్చుకునే ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైనప్పుడు, కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ఛాన్సలర్‌గా లాప్‌టాప్ ఇచ్చి, ఉపన్యాసం తగ్గించి, చేస్తూ నేర్చుకునే పద్ధతిని తలపెట్టారు. కోవిడ్ కాలంలో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు తమ ఊళ్లలో విలేజ్ లెర్నింగ్ సర్కిళ్లు పెట్టి చిన్నపిల్లలకు పాఠాలు చెప్పారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడం హైదరాబాదుకు పాత సంగతే.

అయితే ఈ సాయం ఎవరికి అందుతోంది? కంబైన్డ్ స్టడీ గదిలో చోటు స్నేహాన్ని బట్టి దొరుకుతుంది. మన కాలేజీల్లో స్నేహం ఊరు, కులం, చదివి వచ్చిన ఇంటర్ కాలేజీ, మాట్లాడే ఇంగ్లీషు చూసి కుదిరే సందర్భాలు ఎన్నో. ఢిల్లీ ఎయిమ్స్‌పై సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టల్లోనూ తరగతిలోనూ ఎలా వేరుపడిపోయారో నమోదు చేసింది. తోటివారి గుంపులోకే రానివ్వని చోట, తోటివారి పాఠం ఎలా అందుతుంది? అమ్మాయిల హాస్టల్ గేటు చీకటి పడకముందే మూస్తారు. పల్లె నుంచి వచ్చే డే స్కాలర్ నాలుగున్నర బస్సు ఎక్కాల్సిందే. పార్ట్‌టైమ్ పనిచేసుకుంటూ చదివేవాడికి రాత్రి ఖాళీ ఉండదు. ఏ అధికారీ అజమాయిషీ చెయ్యని ఈ ఏర్పాటు స్వేచ్ఛగా కనిపిస్తుంది గానీ, అసలు ఆసరా కావాల్సినవాళ్లకే తలుపు మూసి ఉంటుంది. దాన్ని కాలేజీ తన బాధ్యతగా తీసుకోవడానికి ఉన్న అతి బలమైన కారణం ఇదే.

సీనియర్, జూనియర్ల బంధంపై మన సంస్థలకున్న భయాన్నీ ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది, యూజీసీ 2009లో కఠిన నిబంధనలు తెచ్చింది. అవి అవసరమే. వాటి నీడలో చాలా కాలేజీలు ఫ్రెషర్లను సీనియర్ల నుంచి గోడ కట్టినట్టు వేరు చేశాయి. లెక్చరర్ పర్యవేక్షణలో, పట్టపగలు, క్లాస్‌రూములో కలిసే గంట ఆ గోడకు ఒక సక్రమమైన తలుపు అవుతుంది.

చాట్‌బాట్ ఉండగా సీనియర్ ఎందుకు?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ ప్రశ్న సహజంగానే లేచింది. అర్ధరాత్రి విసుక్కోకుండా తెలుగులో కూడా జవాబిచ్చే యంత్రం జేబులోనే ఉంది. టర్కీలో సుమారు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులపై హమ్సా బస్తానీ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. మామూలు చాట్‌బాట్ వాడినవారు అభ్యాస లెక్కలు 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివారికంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలిచ్చేలా ఉపాధ్యాయులు మలచిన రూపం వాడినవారికి ఈ నష్టం దాదాపు లేదు. సీనియర్ విషయంలో తేలిందే యంత్రం విషయంలోనూ తేలింది: జవాబు చేతిలో పెట్టేవాడు నేర్పలేడు. ఒక్క తేడా ఉంది. వారం రోజులుగా క్లాసుకు రాని జూనియర్‌ను 'ఏమైంది తమ్ముడూ?' అని వెతుక్కుంటూ వెళ్లేది మనిషే.

ఖర్చెంత, మొదలెక్కడ

అరవైమంది ఉన్న ఒక సెక్షన్‌కు ఇద్దరు సీనియర్లు. ఒక్కొక్కరికి వారానికి సెషన్లు, తయారీ కలిపి 4 గంటలు. సెమిస్టర్‌కు సుమారు 16 వారాలంటే 64 గంటలు. గంటకు 150 రూపాయలు ఇచ్చినా ఒక్కరికి 9,600, ఇద్దరికి 19,200. విద్యార్థి తలకు 320 రూపాయలు. విద్యార్థికి పని ఇచ్చి గంటల లెక్కన డబ్బివ్వడం మన దేశంలో కొత్త కాదు. మహారాష్ట్ర విద్యావేత్త భావురావ్ పాటిల్ సంప్రదాయంలో పుణె విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే సంపాదిస్తూ చదివే పథకం నడుపుతోంది. డబ్బు కుదరని చోట ఒక క్రెడిట్ ఇవ్వవచ్చు. ఉచిత సేవగా మాత్రం వదిలేయకూడదు. అలా వదిలేస్తే ట్యూటర్ పని ఇంటి దగ్గర్నుంచి డబ్బు వచ్చేవాళ్లకే సాధ్యమవుతుంది. ఇంగ్లీషు మాధ్యమంలో తడబడి నిలదొక్కుకున్న పేద విద్యార్థి, అంటే అందరికంటే మంచి ట్యూటర్, తప్పుకుంటాడు.

ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనను బట్టి తీర్పు చెప్పాల్సి వస్తే ఇలా ఉంటుంది. తోటివారి బోధన పనిచేస్తుంది, మూడు షరతుల మీద. ముద్ర విద్యార్థి మీద కాక సబ్జెక్టు మీద పడాలి. సీనియర్‌కు చెప్పడం కంటే అడగడం నేర్పాలి. ఆ గంట బస్సు వెళ్లిపోయాక కాకుండా టైంటేబుల్లోనే ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా మిగిలేది మరో ఫైలు.

ప్రిన్సిపాళ్లు కొత్త జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు. గత మూడేళ్ల ఫలితాలు తీసి ఎక్కువమంది తప్పుతున్న ఒక్క సబ్జెక్టును గుర్తించండి, అది ఎం1 కావచ్చు, డిగ్రీలో అకౌంటెన్సీ కావచ్చు. వచ్చే సెమిస్టర్‌లో రెండు సెక్షన్లకు ఇద్దరేసి సీనియర్లను పెట్టి, మరో రెండు సెక్షన్లను మామూలుగా నడపండి. సెమిస్టర్ చివర నాలుగు సెక్షన్ల ఉత్తీర్ణత శాతాలను నోటీసు బోర్డులో అందరికీ కనబడేలా పెట్టండి. తేడా కనిపిస్తే అన్ని సెక్షన్లకూ విస్తరించండి, కనిపించకపోతే ఆపేసి ఆ మాటా బోర్డు మీదే రాయండి.